ఐదో బోరు సొంతదారు

చిన్న కథే. మా ఊరి ప్లేటింగ్ షెడ్డు పక్కన ఐదో బోరు ఎలా వచ్చిందో చెప్పి ఊరుకుంటాను. నాలుగు మాటల్లో అయిపోతుంది.

అయితే ముందు హేమనాథ్ మీసం గురించి చెప్పకపోతే కుదరదు. వాడికి ఇరవై ఆరేళ్ళు. సెల్‌ఫోన్‌లో ముఖం చూసుకుంటూ మీసం కత్తిరించుకుంటాడు. ఒకరోజు ఈ పక్క ఎక్కువ పోతుంది. మరుసటి రోజు సమం చేద్దామని ఆ పక్క ఎక్కువ తీస్తాడు. అలా సమం చేసీ చేసీ ఇప్పుడు ముక్కు కింద చీమల బారు మిగిలింది. ఏసీ రిపేరుకు ట్రైనింగ్ అయ్యాడు, సెల్‌ఫోన్ రిపేరుకు అయ్యాడు, కుట్టుమిషనుకు కూడా అయ్యాడు. సర్టిఫికెట్లన్నీ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. వాళ్ళింట్లో ఫ్యాను చెడితే మాత్రం వాళ్ళ నాయనే స్టూలెక్కి బాగు చేసుకుంటాడు.

ఆ హేమనాథే ఒకరోజు మా ఇంటికి వచ్చి, "తాయక్కా, ఈసారి నేలకింది నీళ్ళకు ట్రైనింగ్ పెడతా ఉండారు. మన ఊర్లోనే. పది దినాలు నువ్వే సాపాటు చేసి పెట్టాలంట," అన్నాడు.

"నీళ్ళకు ట్రైనింగ్ ఏందిరా? అవి చెప్పిన మాట వింటాయా?"

"నీళ్ళకు కాదక్కా, మాకు."

"అదింకా కష్టం," అన్నాను.

మా ఊరు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో, పాండూరు దాటాక, రోడ్డుకు లోపలగా ఉంటుంది. పేరు చెప్పను. ఇప్పటికే మా ఊరికి పిల్లనివ్వడానికి ఎవరూ రావడం లేదు. ఊరి చివర ప్లేటింగ్ షెడ్డు. సైకిల్ హ్యాండిళ్ళకు, బస్సుల్లో పట్టుకునే కడ్డీలకు తళతళలాడే పూత వేసేవారు. తొట్లలో వాడిన నీళ్ళను షెడ్డు వెనక గుంటలోకి వదిలేవారు. తొమ్మిదేళ్ళ కిందట ఓనరు తాళం వేసుకుని పోయాడు. గుంట ఎండింది. అందులోని నీళ్ళు ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు. మూడేళ్ళ తరువాత బోర్లలో నీళ్ళు లేతపసుపు రంగుకు తిరిగాయి. మా ఊరి పెద్దలు చూసి, పసుపు మంగళకరం కదా అన్నారు.

గోవిందమ్మ వదిన ఇల్లు ఆ షెడ్డుకు అన్నిటికంటే దగ్గర. కొడుకు ముకేశ్ కంపెనీలో షిఫ్టులకు పోతాడు. కోడలు జ్యోతిక. కూతురు ప్రియదర్శిని, డిగ్రీ అయి ఇంట్లో ఉంది. జ్యోతికకు మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. రెండోది ఆరో నెలలో. ఈ ట్రైనింగ్ వచ్చేసరికి మూడోసారి, ఆరు నిండి ఏడు నడుస్తోంది.

బోరు నీళ్ళు తాగొద్దు, క్యాన్ నీళ్ళు కొనుక్కోండి అని నర్సమ్మ చెప్పింది. క్యాన్ల ఆటో మా ఊరికి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. రాని రోజు ఇంటి బోరే. గోవిందమ్మ వదిన, "నలభై ఏండ్లుగా ఈ నీళ్ళే తాగతా ఉండా. నాకేమయింది?" అనేది. ఏమయిందో ఆమె ముఖం మీద చెప్పే ధైర్యం నాకే లేదంటే ఊళ్ళో ఇంకెవరికుంటుంది?

ప్రియదర్శిని ట్రైనింగ్‌లో చేరింది సర్టిఫికెట్ కోసం కాదు. "మా ఇంటి బోరులో ఏముండాదో కాగితం మీద చూపిస్తే మా అమ్మ నమ్ముతాది అత్తా. ఈ బిడ్డయినా దక్కాలా," అంది. ఊళ్ళో అందరినీ ఎగతాళి చేశాను గానీ, ఆ పిల్లను ఏమని చేయాలో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో, పుట్టబోయే బిడ్డకు మా వైపు ముందే పేరు అనుకోరు. పుట్టగానే చేటలో పెట్టి చెత్తకుప్ప మీద ఉంచుతారు. పక్కింటివాళ్ళు ఎత్తుకొచ్చి ఇస్తారు. కుప్పమ్మ అనో కుప్పయ్య అనో పిలుస్తారు. తీసుకుపోవడానికి వచ్చేది ఎవరో, ఏదో... ఇది ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని తిరిగిపోవాలని. అంతవరకు మంచి పేరు నోట రాకూడదు, ఎక్కడా రాయకూడదు. గోవిందమ్మ వదిన ఇంట్లో అందరూ సరే అన్నారు. జ్యోతిక మాత్రం ఆగలేకపోయింది. ఒకరోజు మల్లెమొగ్గలు కడుతూ నా వైపు వంగి, "ఆడబిడ్డయితే మోక్షిత అత్తా. మా ఇంట్లో కూడా తెలీదు. ఎవరికీ చెప్పొద్దు," అంది.

ఊళ్ళో ఇన్ని చెవులుండగా ఆ పిల్ల నా చెవినే ఎంచుకుంది.

ట్రైనింగ్ చెప్పడానికి వచ్చినాయన సుందరరాజ్ సారు. తిరుత్తణి మనిషి. ఏం మొక్కుకున్నాడో, నెలకోసారి కొండెక్కి గుండు కొట్టించుకుని వస్తాడు. జేబులో దువ్వెన మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పని తెలిసినవాడు, అది ఒప్పుకోవాలి. బోరులో నిలిచిన నీళ్ళు పట్టకూడదు, మోటారు వేసి పాతవి పోయేదాకా వదిలి కొత్తవి పట్టాలి. సీసా సీసాకూ గ్లౌజులు మార్చాలి. పట్టిన సీసాలు ఐస్ పెట్టెలో పెట్టాలి. నీటిమట్టం కొలవడానికి ఒక టేపు తెచ్చాడు. దాని చివర చిన్న ఇనుప గుండు ఉంటుంది. అది నీటిని తాకితే పైన చక్రం 'బీ...' అని మోగుతుంది. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆగకుండా ఒకే మోత. నీళ్ళు వదిలి పైకి వస్తే మోత ఆగిపోతుంది.

షెడ్డు చుట్టూ నాలుగు బోర్లు ఎంచుకున్నారు. మూడోది గోవిందమ్మ వదిన ఇంటిది.

సీసాలు పట్టే రోజు మధ్యాహ్నం, నేను అన్నం వడ్డిస్తుంటే, సారు కొత్త సంగతి చెప్పాడు. "చెన్నై ల్యాబు సరిగ్గా చూస్తా ఉండాదా లేదా అని మనం పరీక్ష పెట్టాలా. మూడో బోరు నీళ్ళే ఇంకో సీసాలో పట్టండి. దానిమీద ఐదో బోరు అని రాయండి. అట్లాంటి బోరే లేదు, ఆ సంగతి ల్యాబుకు తెలీదు. రెండు సీసాలకూ ఒకే అంకె వస్తే ల్యాబు మంచిదని అర్థం. ఫారంలో గడి ఖాళీగా ఉంటే వాళ్ళు కనిపెట్టేస్తారు. అన్నీ నింపండి."

ప్రియదర్శిని రాయడం మొదలుపెట్టింది. చోటు: షెడ్డు తూర్పు గోడకు నలభై అడుగులు, తుమ్మచెట్టు పక్కన. లోతు ముప్పై మీటర్లు. నీటిమట్టం పదకొండు మీటర్ల నలభై. అన్నీ ఊహించి రాసినవే. రంగు దగ్గర ఆగింది. 'లేదు' అని రాసింది. వాసన లేదు. తాగడానికి పనికొస్తుంది.

"అదేందే, అట్లా రాస్తా ఉండావు?" అన్నాను.

"ఎట్లాగూ లేని బోరే కదా అత్తా. లేనిదయినా ఒకటి మంచిదిగా ఉండనీ."

చివరి గడి సొంతదారు పేరు.

"మా నాయన పేరు రాయి," అన్నాడు హేమనాథ్, నోట్లో ముద్దతో.

"రేపు ఆఫీసోళ్ళు వచ్చి, నీకింకో బోరుండాదే అని మీ నాయన పెన్షను ఆపితే?" అన్నాను.

"అయితే మా తాత పేరు. పోయి ఐదేండ్లయింది."

"పోయినోళ్ళ మీద లేనిపోనివి రాయకూడదు. పాపం," అంది ప్రియదర్శిని.

నా నోరు ఊరుకోదు కదా. "బతికినోళ్ళు వద్దు, పోయినోళ్ళు వద్దు. ఇంకా రానోళ్ళ పేరు రాయండి. రేషన్ కార్డుండదు, పెన్షనుండదు, ఎవరూ వచ్చి అడగరు," అన్నాను. అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. "మోక్షిత అని రాయి. బాగుంటాది," అని కూడా అన్నాను.

ఆ పేరు ఎవరిదో ప్రియదర్శినికి తెలియదు. గుండ్రటి అక్షరాలతో రాసింది. సారు చదవకుండా సంతకం పెట్టాడు. ఐస్ పెట్టె చెన్నైకి పోయింది.

ల్యాబు కాగితం రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఈలోపు జ్యోతికను స్కానుకు నేనే తిరువళ్ళూరు తీసుకుపోయాను. చీకటి గదిలో పడుకోబెట్టి, కడుపు మీద ఏదో పూసి, బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. చిన్న గుర్రమేదో ఆగకుండా పరిగెత్తుతున్నట్టు... టక్ టక్ టక్ టక్. జ్యోతిక నా చేయి పట్టుకుని ఏడ్చింది. అంతా బాగుంది, ఇంకో రెండు నెలలు జాగ్రత్తగా ఉండండి అన్నారు. ఆ సంగతి బస్సులో పక్కన కూర్చున్న ఇద్దరికి చెప్పాను. వాళ్ళెవరో నాకు తెలియదు.

కాగితం వచ్చింది. నాలుగు బోర్లూ చెడ్డవే. ఉండాల్సిన దానికి నలభై రెట్లు విషం ఉంది మూడో బోరులో. ఐదో బోరులో సున్న. ఏమీ లేదు. వాననీళ్ళలో కూడా అంత శుభ్రం ఉండదని రాశారు.

సారు గుండు ఎర్రబడింది. "సీసా కడిగి క్యాన్ నీళ్ళు పోసినావా?" అని ప్రియదర్శినిని అడిగాడు.

"లేదు సార్. మా ఇంటి బోరుదే. నా చేత్తోనే పట్టినాను. పసుపుగానే ఉండింది."

"నేనూ చూసినాను సార్," అన్నాడు హేమనాథ్. వాడు చూశానంటే ఎవరూ లెక్కచేయరు. అయినా నేను కూడా చూశాను.

ఐదో బోరు మంచిదట అన్న మాట ఊళ్ళో ఎలా పాకిందో అడగకండి. వాళ్ళు వాదించుకుంటుండగానే ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పోయారు. అరగంటలో గోవిందమ్మ వదిన ఉత్త బిందెతో తిరిగివచ్చింది. "దాని మూత బిగువుగా ఉండాదప్పా. తిప్పే స్పానరు ఏమన్నా ఉంటే ఇయ్యండి," అంది.

"దేని మూత?" అన్నాడు సారు.

"ఐదో బోరుది. మీరు రాసిన చోటే ఉండాది. తుమ్మచెట్టు పక్కన."

సారు టేపు తీసుకుని లేచాడు. వెనక హేమనాథ్, ప్రియదర్శిని. నేను టీ క్యాను పట్టుకుని పోయాను. ఎవరూ టీ అడగలేదు.

ఐప్పసి, దీపావళి వచ్చే నెల. వాన పడలేదు గానీ పడడానికి సిద్ధంగా ఉంది. నాలుగింటికే లైట్లు వేసుకునేంత మబ్బు. షెడ్డు రేకులు చిన్న గాలికే కొట్టుకునేవి, ఆ రోజు కదలలేదు. తుమ్మచెట్టు మీద ఒక్క పిట్ట లేదు. ఆ చోట ఎప్పుడూ తుప్పు వాసన ఉంటుంది. దాని అడుగున ఇంకో పుల్లటి వాసన, నాలుక మీద ఇనుము పెట్టుకున్నట్టు. తొమ్మిదేళ్ళుగా మాకు అలవాటే. ఆ రోజు అది లేదు. పాల వాసన వచ్చింది. పాలు తాగి నిద్రపోయిన బిడ్డ మెడ మడతలో వచ్చే వాసన. అందరం పీల్చాం.

గొట్టం నేల మీద మోకాలెత్తు ఉంది. చుట్టూ మట్టి తవ్విన గుర్తు లేదు. గడ్డి గొట్టానికి ఆనుకుని, ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టు పెరిగింది. మూత మీద తెల్లరంగుతో 5 అని రాసి ఉంది. ప్రియదర్శిని ఐదు రాసేటప్పుడు పైగీత విడిగా, చివరన పెడుతుంది. అది అలాగే ఉంది.

"నువ్వు రాసినావా?" అన్నాడు సారు, మెల్లగా.

ప్రియదర్శిని తల అడ్డంగా ఊపింది.

హేమనాథ్ మూత పట్టుకున్నాడు. ఆడవాళ్ళందరికీ రానిది వాడి చేతికి ఇట్టే తిరిగింది. టేపు వదిలాడు. గుండు గొట్టానికి తగులుతూ దిగింది.

"ఎనిమిది... తొమ్మిది... పది..."

ప్రియదర్శిని వంగి గొట్టంలోకి చూసింది.

"పదకొండు... పదకొండు నలభై."

మోగింది.

ప్రియదర్శిని ఊహించి రాసిన అంకె. ఒక్క పాయింటు తేడా లేదు.

మోత ఒకటిగా రావాలి. రాలేదు. తెగింది. మళ్ళీ వచ్చింది. తెగింది. వచ్చింది. త్వరత్వరగా...

"సార్... బ్యాటరీనా?"

"పొద్దున్నే కొత్తది వేసినాను."

"అడుగున నీళ్ళు కదలతా ఉండాయేమో సార్."

"పైకి లాగు. శీక్రం."

హేమనాథ్ చక్రం తిప్పాడు. పదకొండు. పది. తొమ్మిది. గుండు నీళ్ళు వదిలి రెండు మీటర్లు పైకి వచ్చేసింది. మోత ఆగలేదు. ఎనిమిది. ఆగలేదు. ఏడు...

"ఇది... నీళ్ళకు మోగేది కాదు," అన్నాడు సారు.

నాకు అప్పుడు తెలిసింది. ఎక్కడ విన్నానో తెలిసింది. చీకటి గది. చిన్న గుర్రం. టక్ టక్ టక్ టక్...

"ప్రియా," అన్నాను. "ఆ పేరు... మీ వదిన పెట్టుకున్న పేరు."

ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ తరువాత ఈ రోజుదాకా మళ్ళీ చూడలేదు.

పరిగెత్తాం. టేపు అలాగే వేలాడుతోంది. వెనక మోత వినిపిస్తూనే ఉంది.

జ్యోతిక ఇంటి ముందు గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. చేట ఒడిలో ఉంది. ఏడు నెలల కడుపుతో ఒడిలో చేట పెట్టుకోవడానికి చోటుండదు. మమ్మల్ని చూసి లేచింది. చీర కుచ్చిళ్ళు వదులై జారాయి.

"ఏమయింది? ఎందుకట్లా పరిగెత్తతా ఉండారు?"

మేము నలుగురం ఆమె ముఖం చూడలేదు. మేము ఎక్కడ చూస్తున్నామో ఆమె కూడా అక్కడ చూసుకుంది. రెండు చేతులూ పెట్టుకుంది. నొక్కి చూసుకుంది. అరవలేదు.

"ఇప్పటిదాకా ఉండింది," అంది.

నొప్పి లేదు. రక్తం లేదు. గడప మీద తడి కూడా లేదు. ఆస్పత్రిలో చూసిన డాక్టరమ్మ, ఈ ఏడాదిలో ఈ అమ్మాయికి కడుపే రాలేదమ్మా అంది. నెలనెలా పోయిన చీటీలు తీసి చూపించాం. పేరుంది, వయసుంది, తేదీ ఉంది. బిడ్డ బరువు రాసే చోట తెల్లగా ఉంది. స్కాను ఫిలిం ఎత్తి లైటు దగ్గర పెట్టింది. నల్లగా, ఏమీ లేకుండా ఉంది.

ప్రియదర్శిని తన దగ్గరున్న ఫారం కాపీలో ఐదో బోరు వరసను కొట్టేసింది. తప్పు రాస్తే చెరపకూడదు, ఒక గీత గీసి పక్కన సంతకం పెట్టాలని సారు నేర్పించిన పద్ధతిలోనే కొట్టేసింది. ఏమీ జరగలేదు. అసలు కాగితం ల్యాబులో ఉంది కదా అని చెన్నై పోయింది. ఉన్న బోరును లేదని మార్చాలంటే సొంతదారు సంతకం కావాలన్నారు. వచ్చి ఫోటో తీసుకుపోయారు. బోరు ఉంది.

గొట్టంలో సిమెంటు పోసి మూసేద్దాం అన్నాడు సారు. ఆ మాట విని జ్యోతిక పోయి గొట్టాన్ని వాటేసుకుని పడుకుంది. రెండు రోజులు లేవలేదు. "ఊపిరాడదు," అని మాత్రం అంది. ముకేశ్ ఆమె కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. సారు సిమెంటు మూట అక్కడే వదిలి తిరుత్తణి పోయాడు. వానకు అది గట్టిపడిపోయింది.

తరువాత పంచాయతీ వాళ్ళు దానికి మోటారు బిగించారు. చుట్టూ ఎక్కడా మంచి నీళ్ళు లేవు, ఇవి మంచివి. అందులో ఇంకెవరూ చేయగలిగింది లేదు. ఊరంతా ఆ నీళ్ళే తాగుతోంది. గోవిందమ్మ వదిన తాగుతుంది. నేనూ తాగుతున్నాను. మొదటి రోజు కొంచెం కష్టమయింది. జ్యోతిక మాత్రం ఇంటి బోరు నీళ్ళే తాగుతుంది, పసుపువి. ఎవరైనా బిందెతో పోతుంటే లేచి నిలబడి, వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆ బిందె వైపే చూస్తుంది.

ట్రైనింగ్ అయినవాళ్ళలో ఉద్యోగం వచ్చింది హేమనాథ్ ఒక్కడికే. నెలకోసారి వచ్చి ఐదు బోర్లూ కొలిచి రాసుకుంటాడు. మిగతా నాలుగు బోర్ల నీళ్ళ వేడి ఇరవై తొమ్మిది డిగ్రీలు. ఐదోది ముప్పై ఏడు, మనిషి ఒంటి వేడంత. ఎండాకాలం ముప్పై ఏడు, వానాకాలం ముప్పై ఏడు, మార్గళి చలిలో తెల్లవారుజామున కొలిచినా ముప్పై ఏడు. పసిబిడ్డలకు నీళ్ళు పోయడానికి కాచే పని లేదని ఊళ్ళో ఆడవాళ్ళకు సంతోషంగానే ఉంది.